గడప బయటి బూటు

మోతె నుంచి సూర్యాపేటకు రోజూ బస్సులో వచ్చే సైదమ్మది పోలియో కాలు. ఇనుప పట్టీల బూటు లేనిదే నిలబడలేదు. మహిళలకూ వికలాంగులకూ ఉచితంగా కంప్యూటర్ నేర్పే కేంద్రాన్ని మేడ మీద పెట్టారు. అక్కడైతే గాలి బాగా వస్తుందట. సైదమ్మ గోడ పట్టుకొని, చేత్తో కాలిని ఒక్కో మెట్టు మీదికి ఎత్తిపెట్టుకుంటూ ఎక్కుతుంది. తీరా ఎక్కాక గడప దగ్గర కూలబడి ఆ బూటు విప్పుతుంది. లోపల డబ్బాల్లాంటి కంప్యూటర్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు, చెప్పులతో పోగూడదు. నేల మీద దేక్కుంటూ పోయి, కుర్చీ ఎక్కి, చున్నీ సర్దుకొని, ఏమీ జరగనట్టు టైపు మొదలుపెడుతుంది.

ఒకరోజు ఫొటోల కోసం ఆ కేంద్రం పెద్దసారు వచ్చాడు. బూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా సైదమ్మ దగ్గరికే నడిచాడు.

"ఏమ్మా, ఇక్కడ నీకేమైనా ఇబ్బందా?"

సైదమ్మ ఆయన కాళ్ల వంక చూసి నవ్వింది. "నాకేం ఇబ్బంది సార్! కంప్యూటర్లకు పూజ చేసిన్రు, బూట్లతోటి రావొద్దంటరు. మీరు మర్సినట్టున్నరు. నేనైతే కాలే బయట ఇడిసి వస్తున్న."

సారు నాలుక కరుచుకున్నాడు. గబగబా వెనక్కి పోయి, తన బూట్లను ఆమె బూటు పక్కనే విప్పి వచ్చాడు. ఆయన వినయానికి అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలయ్యాక సారు బూట్లు తొడుక్కొని దిగిపోయాడు. సైదమ్మ బూటు మాత్రం ఇప్పటికీ గడప బయటే ఉంటుంది.