మార్చి ముగియని ఏడాది

ఫిబ్రవరి పదో తేదీ ఉదయం పదకొండు గంటలకు సాలూరు దగ్గరి మా ప్లైవుడ్ మిల్లు యజమాని అక్కడే లెక్కలు చూసే నన్ను పిలిచారు. మన దేశమూ వియత్నామూ ఏటేటా చేసిన వెనీర్ ఎగుమతులను పోలుస్తూ నేను గీసిన గ్రాఫు ఆయన ముందుంది. చివర్లో మన గీత బాగా పడిపోయింది. దుంగను పలుచటి వెనీర్ పొరలుగా ఒలిచే యంత్రాన్ని ఇక ఆపేద్దామన్నారాయన. దాని మీద పనిచేసేది మా నాన్న.

బయటికి వచ్చి నాన్నకు చెప్పాను.

"మనింట్లో మొదటి డిగ్రీ నా కూడు తియ్యడానికేటిరా? మార్చి అయ్యేదాకైనా ఉంచమని సెప్పు," అన్నారు నాన్న.

మార్చి అనగానే నా తప్పు తట్టింది. వియత్నాం లెక్కల ఏడాది డిసెంబరుతో ముగిసింది. ఏప్రిల్లో మొదలైన మనది ఇంకా ముగియనేలేదు; గ్రాఫు చివర వాళ్ల పన్నెండు నెలల పక్కన మనవి కొన్ని నెలలే పెట్టాను. పరుగున లోపలికి వెళ్లి, రెండు దేశాలకూ ఒకే నెలల లెక్కలతో మళ్లీ గీశాను. మన గీత పడిపోలేదు.

యంత్రం ఆగలేదు. ఏ నెల వరకు లెక్కలు వచ్చాయో కింద రాయనిదే యజమాని ఇప్పుడు నా గ్రాఫు చూడరు.