ఓడినవాడే పలకలు మోయాలి

కారు సీట్లు, సోఫాలు కుట్టే ఆ మేస్త్రిని వీధంతా టేపు అనేది. మెడలో కొలతల టేపు వేసుకునే అన్నం తినే మనిషి మరి. పెళ్ళికి వెళ్ళినా తీయడని వాళ్ళావిడ నెత్తీ నోరూ కొట్టుకునేది. ఎవరింటికైనా వెళ్తే కుర్చీని ముందు చేత్తో నొక్కి చూసి, "స్పాంజి తక్కువేశాడు" అని ఒక మాట అనందే కూర్చున్న పాపాన పోడు. మనిషి మంచివాడే. ఒప్పుకున్న పని చెప్పిన రోజుకి ఇస్తాడు, పాత గుడ్డ వేసి కొత్తదని చెప్పడు. కాకపోతే ఆయన పక్కన ఒక పూట గడపాలంటే మనకి కాస్త ఓపిక ఉండాలి.

తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా సంచులాట. రెండు చెక్క పలకల్ని ఎదురెదురుగా ఏటవాలుగా నిలబెడతారు. ఒక్కో పలకకి పైభాగాన గుండ్రటి కన్నం ఉంటుంది. ఈ పలక పక్కన గీసిన గీత దాటకుండా నిలబడి ఆ పలక మీదికి చిన్న గుడ్డసంచి విసరాలి. కన్నంలో పడితే మూడు, పలక మీద నిలిస్తే ఒకటి, నేల మీద పడితే సున్నా. ఇంతే ఆట. పలకలు కార్పెంటరు చేశాడు. సంచులు మేస్త్రి కుట్టాడు. ఎండు మొక్కజొన్న గింజలు పోసి, అన్నీ ఒకే బరువు వచ్చేదాకా తూచి, అంచులకి డబుల్ కుట్టు వేశాడు.

ఆడేది నలుగురు. మేస్త్రి, కార్పెంటరు, ఒక లారీ డ్రైవరు, సెలూన్ నడిపే బార్బరు. మేస్త్రీ బార్బరూ ఒకే సందులో గోలీలాడుతూ పెరిగినవాళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. సెలూన్‌కి సెలవున్న రోజు సాయంత్రం నలుగురూ కార్పెంటరు షెడ్డు వెనక ఖాళీ స్థలంలో చేరేవారు. అక్కడికి గోడా లేదు, గేటూ లేదు. పలకలు అక్కడే వదిలేస్తే తెల్లారేసరికి ఎవరి పొయ్యిలోనో ఉంటాయి. అందుకని ఆట అయ్యాక రెండు పలకల్నీ మేస్త్రి షాపుకి చేర్చాలి. ఓడినవాడే మోయాలన్నది రూలు. పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆయనకి ఆటంటే రూలే. గీత మీద ఎవరి బొటనవేలు పడ్డా వంగి చూసేవాడు. సంచి సగం పలక మీద, సగం గాల్లో వేలాడితే టేపు తీసేవాడు.

"ఒరేయ్ టేపూ, ఇది ఆటా, స్థలం కొలతలా?" అనేవాడు డ్రైవరు.

అందరితో పాటు మేస్త్రీ నవ్వేవాడు. నవ్వడం అయిపోయాక, "అయినా ఆ పాయింటు రాదు" అనేవాడు. దాంతో మళ్ళీ గొడవ. గొంతులు చించుకుని తిట్టుకునేవారు. ఆ తిట్లే తన ప్రాణమని ఆయనకి అప్పట్లో తెలియదు.

ఒక ఏడాది బార్బరుకి కడుపుకి ఆపరేషను అయింది. చాలాకాలం మంచం మీదే ఉన్నాడు. లేచాక కూడా ఇంట్లో బకెట్ ఎత్తనివ్వరు, సెలూన్‌లో ఎక్కువసేపు నిలబడనివ్వరు. ఎలాగో ఒక సెలవు సాయంత్రం ఆటకి వచ్చాడు. గురి తప్పింది, ఓడిపోయాడు. కార్పెంటరు పలకల మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు. ఓడింది బావ" అన్నాడు మేస్త్రి.

"కడుపు కోయించుకుని లేచినవాడు, నీకేమైనా బుద్ధుందా?" అన్నాడు డ్రైవరు.

"లేచాడుగా. రూలు అందరికీ ఒకటే."

మేస్త్రి మనసులో ఉన్నది వేరు. నిరుడు తను జ్వరంతో ఉన్నా వానలో మోశాడు. అందరూ కలిసి బావని రోగిని చేసి కూర్చోబెట్టారు, తనైనా నిండు మనిషిగా చూడాలి అనుకున్నాడు. మేలే చేస్తున్నాననుకున్నాడు, పాపం. ఆ మాట పైకి అని ఉంటే సరిపోయేది. రెండు అంగుళాల కుట్టు వంకరపోతే గంట ఉపన్యాసం ఇచ్చే మనిషికి ఇలాంటిచోట నోరు పెగలదు.

బార్బరు పలకలు భుజానికెత్తుకున్నాడు. సందు మలుపులో ఒకసారి దించాడు. టీ కొట్టు దగ్గర ఇంకోసారి దించి, అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. మేస్త్రి చేతులు ఊపుకుంటూ పక్కనే నడుస్తూ, సంచి విసిరేటప్పుడు మణికట్టు ఎక్కడ తప్పుతోందో వివరిస్తూనే ఉన్నాడు. షాపులో పలకలు గోడకి ఆనించేసరికి బార్బరు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "వస్తా బావా" అని వెళ్ళిపోయాడు.

మరుసటి వారం కార్పెంటరు షాపుకి వచ్చాడు. షెడ్డు వెనక స్థలం ఎవరో కర్ర నిల్వకి తీసుకున్నారని, ఇక అక్కడ ఆట కుదరదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుట్టు మిషను కేసే చూశాడు. మేస్త్రికి అదేమీ పట్టలేదు. "దాందేముంది, చోటు నేను చూస్తా" అన్నాడు.

ఇక చూడాలి ఆయన తిరుగుడు. పని ముగించుకుని, టేపు పట్టుకుని, చెప్పులు అరిగేలా తిరిగాడు. మూతబడ్డ పిండిమిల్లు వెనక ఆవరణ చూశాడు. నేల చదునుగానే ఉంది, మిల్లు వాచ్‌మన్‌ని బతిమాలి ఒప్పించాడు కూడా. డ్రైవరు వచ్చి చూసి, సాయంత్రం ఎండ కళ్ళల్లో కొడుతుందన్నాడు. బళ్ళు కడిగే షెడ్డు పక్కన నీడ దొరికింది. తడికి కాలు జారుతుందన్నాడు కార్పెంటరు. ఒక అపార్ట్‌మెంటు మేడ మీద ఖాళీ ఉంటే, కింద పోర్షన్ వాళ్ళకి చప్పుడు వినిపించకుండా పలకల కింద స్పాంజి అతికిస్తానని యజమానికి మాటిచ్చి మరీ వచ్చాడు. అన్ని మెట్లు ఎక్కలేనన్నాడు బార్బరు. అందులో న్యాయముందని మేస్త్రి ఆ చోటు వెంటనే వదిలేశాడు.

"ఊళ్ళో చోటు కరువైందా, మీతో ఆడే మనుషులు కరువయ్యారా?" అంది భార్య ఒక రోజు అన్నం వడ్డిస్తూ.

"నీకు ఆట సంగతి తెలీదు, ఊరుకో" అన్నాడు.

ఆవిడ ఊరుకుంది. తెలిసినవాళ్ళు ఊరుకోవడం మన ఇళ్ళల్లో మామూలే కదా.

చివరికి సొంత పెరడే మిగిలింది. అక్కడ ఏళ్ళ తరబడి పోగైన పాత సీటు ఫ్రేములు, తుప్పు పట్టిన స్ప్రింగులు, ఎలుకలు కొరికిన స్పాంజి గుట్టగా పడి ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని భార్య చెయ్యి కూడా తగలనివ్వని సామాను అది. అదంతా తనే బండికెత్తి పంపించేశాడు. నేల చదును చేసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాడు. సున్నంతో గీత గీశాడు. ముగ్గురికీ కబురు పెట్టాడు. ముగ్గురూ సరేనన్నారు.

ఆ సాయంత్రం ఒక్కడూ రాలేదు. లోడు పడిందని డ్రైవరు ఫోను చేశాడు. చుట్టాలొచ్చారన్నాడు కార్పెంటరు. సెలూన్‌లో రద్దీగా ఉంది, కదల్లేనన్నాడు బార్బరు. సెలవు రోజున రద్దీ ఏమిటని అడగడానికి కూడా మేస్త్రికి తోచలేదు. ఒక్కడే చీకటిపడేదాకా సంచులు విసురుకుని, పలకలు లోపల పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి బార్బరు భార్య షాపుకి వచ్చింది. చేతిసంచిలోంచి నాలుగు గుడ్డసంచులు తీసి బల్ల మీద పెట్టింది. ఒంటి కుట్టు, వంకర అంచులు. గింజలు బల్ల మీదికి జలజలా రాలాయి.

"ఇవి కాస్త గట్టిగా కుట్టిపెట్టు అన్నయ్యా. నేనే కుట్టా, నాలుగు వారాలు కూడా ఆగలేదు."

"ఎవరివి చెల్లెమ్మా?"

"మనవాళ్ళవే. వారం వారం మా పెరట్లోనేగా ఆట. నీకు భుజం నొప్పట, రాలేవన్నారు. నలుగురు ఉండాలని నన్ను లాక్కుపోయి నిలబెట్టారు. నేనేం ఆడతాను, నవ్వుకోడానికి తప్ప. భుజం ఎలా ఉంది ఇప్పుడు?"

మేస్త్రి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకి ఏమీ తెలియదు. అంటే ఆమెకీ అబద్ధమే చెప్పారు.

"పర్లేదమ్మా" అన్నాడు. "రేపు సెలూన్‌కి సెలవేగా, ఆట వేళకి నేనే తెచ్చిస్తాలే."

ఆమె వెళ్ళాక బల్ల మీద రాలిన గింజలు చేత్తో పోగు చేశాడు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. మిల్లు వాచ్‌మన్‌ని బతిమాలిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. గింజలకి బదులు కంకర పోసి కుట్టి పారేద్దామా అనుకున్నాడు. కానీ చేతులు చెడ్డ పని నేర్చుకోలేదు. కొత్త గుడ్డ వేసి, పుచ్చు గింజలు ఏరేసి, డబుల్ కుట్టు వేశాడు. కుడుతున్న కొద్దీ ఆ సాయంత్రం సందు మలుపులో పలకలు దించిన బావ వీపు కళ్ళముందు కదిలింది. అప్పుడు గాని విషయం తలకెక్కలేదు. మర్నాడు వెళ్ళి, ఎందుకలా మోయించానో బావకి చెప్పేయాలనుకున్నాడు. దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కుంటూ వెళ్ళాడు.

పెరటి గోడ ఇవతలికే నవ్వులు వినిపించాయి. లోపల దండెం పక్కకి జరిపి, బట్టలు ఉతికే బండ దాటాక చోటు చేసుకున్నారు. పలకలు కొత్తవి. కింద సిమెంటు వేసి నేలలో పాతేశారు. ఇక ఎవరూ మోసేది లేదు.

మేస్త్రిని చూడగానే నవ్వులు ఆగిపోయాయి. కార్పెంటరు నేల చూపులు చూశాడు. డ్రైవరు గబగబా కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండి" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడి నోట ఆ 'అండి' రావడం అదే మొదలు.

"ఆ రోజు పలకలు నీ చేత ఎందుకు మోయించానంటే బావా..." అని మొదలుపెట్టాడు మేస్త్రి.

"అవన్నీ ఎందుకు బావా ఇప్పుడు" అన్నాడు బార్బరు మెత్తగా. "వచ్చావుగా. ఆడు."

కోపంగా అని ఉంటే బతికిపోయేవాడు. కోపానికైతే బదులు చెప్పవచ్చు. మేస్త్రి సంచులు తీసుకుని గీత దగ్గర నిలబడ్డాడు. ఒక నిమిషం ఆగి, కుడి పాదం మొత్తం ఎత్తి గీతకి అవతల పెట్టాడు. అందరికీ కనిపించేలా పెట్టాడు. ఎవడైనా ఒకడు అరుస్తాడని, తిడతాడని చెవులు రిక్కించాడు. ఎవరూ అరవలేదు. అలాగే విసిరాడు. సంచి సరాసరి కన్నంలో పడింది.

"భలే వేశారు" అన్నాడు డ్రైవరు. కార్పెంటరు చప్పట్లు కొట్టాడు. బార్బరు భార్య గీత కేసి చూసి ఏదో అనబోతే, బార్బరు కళ్ళతోనే వద్దన్నాడు.

మేస్త్రి ఆట అయ్యేదాకా పాదం అవతలే పెట్టి ఆడాడు. ముగ్గురూ కలిసి ఆ రోజు ఆయన్ని గెలిపించి పంపించారు.