పొయ్యిరాళ్ళు గుట్టకు చేరిన రోజు

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తనకు తెలిసినదంతా వెంటనే ఇంకొకరికి చెప్పేయాలని ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. కరీంనగర్‌లో చదువు ముగించుకుని, కాగజ్‌నగర్ నుంచి జీపులో గంటన్నర పోతే వచ్చే ఒక అడవి ఊరి బడిలో విద్యా వాలంటీర్‌గా చేరాను. "నెల గూడ ఉండవ్ బిడ్డా, బ్యాగు సదురుకోని వస్తవ్" అన్నాడు మా బాపు. ఆ ఒక్క మాట కోసమే ఏడాదంతా ఉండి తీరాలని పంతం పట్టాను. బడిలో పెద్దసారు మాత్రం మొదటిరోజే చెప్పేశాడు. "నీ కొలువు ఊరోళ్ల చేతుల ఉన్నది. గీ టీచర్ మాకొద్దని నలుగురొచ్చి అంటే, నేనేం జెయ్యలేను."

ఊరి వెనక గుట్ట అభయారణ్యం కిందికి వస్తుంది. ఒక శనివారం పిల్లలను గుట్ట మొదట్లో ఉన్న బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి నా జ్ఞానమంతా కుమ్మరించాను. జింకలకూ నెమళ్ళకూ ఉన్నట్టే ఇక్కడి రాళ్ళకూ రక్షణ ఉందనీ, కోట్ల ఏళ్ళ కింద మట్టిలో కూరుకుపోయిన చెట్లు మెల్లగా రాయిగా మారాయనీ, అందుకే ఇక్కడినుంచి గులకరాయి కూడా ఇంటికి తీసుకుపోకూడదనీ చెప్పాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఊపులో ఉన్నాను కదా, "ఇదివరకు తీసుకుపోయినవాళ్ళు తిరిగి తెచ్చి పెట్టేయాలి" అని కూడా అన్నాను (చేతులు ఊపుతూ అన్నానేమో అని ఇప్పటికీ నా అనుమానం).

సోమవారం పొద్దున బడి ముందు పదిమంది తల్లులు నిలబడి ఉన్నారు. "మూడు పొయ్యిరాళ్లల్ల రెండు ఎత్కపోయిండు మావోడు. ఒక్క రాయి మీద గంజు ఎట్ల నిలవడ్తది, నువ్వే జెప్పు టీచరమ్మా!" అని ఒకావిడ. తలుపు తెరుచుకోకుండా పెట్టిన రాయి పోయి మేకలు ఇంట్లో జొరబడ్డాయని ఇంకొకావిడ. తొక్కు పచ్చడి నూరే బండ పోయిందని ఒక ముసలవ్వ. పెద్దసారు హాజరు పుస్తకంలో తల దూర్చి, ఎంతకీ బయటికి రాలేదు. పిల్లలేమో వరసగా, పతకాలు గెలిచినవాళ్ళలా నిలబడి ఉన్నారు. నాలుగో తరగతి లీడరమ్మ ముందుకొచ్చి చెప్పింది. "ఏది చెట్టో ఏది రాయో తెల్వలే టీచర్. అందుకే అన్నీ వాపస్ ఇచ్చినం. ఎవ్వలం దాస్కోలే." వాళ్ళను తిడితే పాఠం పోతుంది, మెచ్చుకుంటే కొలువు పోతుంది. "తప్పు నాదేనమ్మా" అని తల్లులతో అనేసి, అందరితో కలిసి గుట్ట దారి పట్టాను.

బోర్డు కింద ఇరవై ఏడు రాళ్ళు బారుగా పేర్చి ఉన్నాయి. నా డిగ్రీ కళ్ళకు అన్నీ ఒకటే. తల్లులు మాత్రం పది అడుగుల దూరంనుంచే ఎవరిది వాళ్ళు గుర్తుపట్టి ఎత్తుకున్నారు. అన్నీ వాగు రాళ్ళేనట, గుట్టతో ఏ సంబంధమూ లేదట. నేను ఊపిరి పీల్చుకునేలోపు ముసలవ్వ తన బండను తిప్పింది. అడుగున చెట్టు వలయాలు, అంచున బెరడు గీతలు.

"అవ్వా, గది చెట్టు. గది గుట్టది" అంది లీడరమ్మ.

అవ్వ నా వైపు చూసింది. "నిజమేనా బిడ్డా?"

"నిజమే అవ్వా, కానీ..." అన్నాను.

"నిజమైతే ఇంక కానీ ఏంది? మా అత్త నూరింది, నేను నూరిన. ఇగ దాన్ని జర పండుకోనీ." బండను నెమ్మదిగా నేలమీద పెట్టి, కొంగుతో ఒకసారి తుడిచింది. "మరి నాకు తొక్కు బండ ఎవలిస్తరు? నువ్వే మొయ్యాలె."

వాగులో ఆవిడ మెచ్చిన బండ దొరికేసరికి మధ్యాహ్నం అయింది. దాన్ని నెత్తిన పెట్టుకుని నేను ముందు, నవ్వుతూ పిల్లలు వెనక, అవ్వ ఇంటిదాకా నడిచాం. సాయంత్రం అవ్వ బడికొచ్చి పెద్దసారుతో అన్న మాట గోడవతల నాకు వినిపించింది. "గీ టీచర్‌ను పంపకు సారూ. పాఠం సంగతి తెల్వదు గని, రాళ్లు మంచిగ మోస్తది."

ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉన్నాను. ఇప్పుడు కరీంనగర్‌లో పెద్ద బడి, పెద్ద తరగతులు. ఏం మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో బాగా తెలిసిపోయింది. కాగితాలు కింద పారేయకండి అని రోజూ చెబుతాను, రోజూ సాయంత్రం నేనే ఏరుతాను. అలా వంగినప్పుడల్లా ఆ ఇరవై మూడేళ్ళ పిచ్చిపిల్ల, అప్పటి నేను, గుర్తొస్తుంది. ఆపడం తెలియని ఆమె ఒక్క మాటకు ఊరి రాళ్ళన్నీ కదిలి గుట్టకు చేరాయి. ఆమెను తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.