పోయి ఎన్నాళ్ళయింది

కార్తీకమాసంలో సూర్యలంక వెళ్ళడం గొప్పేమీ కాదు. ఆ నెలంతా బాపట్ల నుంచి బస్సులు కిక్కిరిసి నడుస్తాయి. ఒడ్డున కాలు పెట్టడానికి చోటుండదు. సముద్రం కంటే జనమే ఎక్కువగా కనిపిస్తారు. మాఘ పౌర్ణమి స్నానాలు కూడా అయిపోయాక, ఎండలు ముదరకముందు, కొన్నాళ్ళు ఆ ఒడ్డు ఖాళీగా పడి ఉంటుంది. అప్పుడు చూడాలి సముద్రాన్ని. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా ఓడిపోతారు, ఎందుకంటే నేను చూశాను, వాళ్ళు చూడలేదు.

ఎనభైల చివర్లో ఒక ఫిబ్రవరి నెలలో అమ్మా నేనూ అలా వెళ్ళాం. సరదాకి కాదు. అమ్మ గొంతు కోసం వెళ్ళాం.

అమ్మ తెనాలిలో చిన్న బడిలో ఒకటో తరగతి టీచరు. ఆదివారం మా లూథరన్ గుడిలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునేది ఆవిడే. అమ్మ పల్లవి అందుకుందంటే హార్మోనియం వాయించే పెద్దాయన మెట్ల మీద వేళ్ళు పెట్టి తడుముకునేవాడు, అంత పై శ్రుతి. మిగతా ఆడవాళ్ళు సగం దూరం వెంట వెళ్ళి ఆగిపోయేవారు. ఆవిడ ఒక్కతే పైకి వెళ్ళి, తీరిగ్గా దిగి వచ్చేది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలియనట్టు ముఖం పెట్టేది కానీ బాగా తెలుసు.

ఆ ఏడు మెడ దగ్గర గడ్డ పెరిగితే క్రిస్మస్ వెళ్ళాక గుంటూరులో ఆపరేషను చేసి తీశారు. గొంతు నరం ఆ గడ్డ పక్కనే ఉంటుందనీ, గొంతు కొంత మారినా మారవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. కొన్ని వారాలు మాట్లాడకుండా ఉండి, తర్వాత మెల్లగా మొదలుపెట్టమన్నాడు. ఆ వారాలు అయిపోయాయి. అమ్మ మాత్రం మొదలుపెట్టలేదు. బడి పిల్లల పలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఏం కావాలన్నా దాని మీద రాసి చూపించేది. ఉప్పు తక్కువైంది. పాలవాడు వచ్చాడు. నోరు ముయ్యవే. ఈ చివరిది ఎక్కువగా నాకే.

ఎందుకు మాట్లాడదో నాకు అర్థమైంది. మాట్లాడితే తెలిసిపోతుంది. మాట్లాడనంతకాలం పాత గొంతు లోపల భద్రంగా ఉన్నట్టే. కానీ బడికి పెట్టిన సెలవు ఫిబ్రవరితో అయిపోతోంది. నోరు తెరవకుండా ఒకటో తరగతి పిల్లలకి అ ఆలు చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇంక నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోవాల్సిందే. "మాట్లాడమ్మా, ఒక్క మాట" అని నేను బతిమాలితే అటు తిరిగి పడుకునేది. నాకు ఒళ్ళు మండేది. జాలి కూడా వేసేది, అది వేరే సంగతి.

నాన్న రేపల్లెలో హైస్కూలు మాస్టారు. పొద్దున్నే రేపల్లె బండి ఎక్కి వెళ్ళి సాయంత్రానికి తెనాలి వచ్చేవారు. గాలి మారితే గొంతు వస్తుందని ఆయనకి ఎవరు చెప్పారో గానీ, బాపట్లలో తోటి మాస్టారి బంధువుల ఇంట్లో వెనక గది ఒకటి మాట్లాడి మమ్మల్ని ప్యాసింజరు బండి ఎక్కించారు. "శనివారం ఒంటిపూట బడి అవగానే నేనూ వస్తాను" అన్నారు. నేను టీచర్ ట్రైనింగు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అమ్మకి తోడు, కాపలా, నోరు, అన్నీ నేనే.

మర్నాడు సూర్యలంక బస్సులో మేమిద్దరం, ఒక మేకా, దాని యజమానీ. కండక్టరు టిక్కెట్టు చింపుతూ "ఇప్పుడేంటమ్మా సముద్రానికి? అందరూ వచ్చి వెళ్ళిపోయారుగా" అన్నాడు. "అందుకేనండి" అన్నాను. అతను నన్ను కాదు, అమ్మని ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా ముందుకి వెళ్ళిపోయాడు.

సరుగుడు తోటలు దాటి దిగితే ఒడ్డు మీద మనిషి లేడు. కార్తీకంలో వేసిన కొట్లకి రాటలు మాత్రం మిగిలాయి. నీళ్ళ మీద ఇంకా పల్చగా మంచు ఉంది. దూరంగా పడవల దగ్గర ఆడవాళ్ళు ఇసుక మీద నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. ఆ చిన్న చేపల వాసన గాలి మారినప్పుడల్లా వచ్చి మా మీద పడేది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! నేను చెప్పులు విప్పి పరిగెత్తాను. అమ్మ తడి ఇసుక దాకా వచ్చి, పైట మెడ చుట్టూ కప్పుకుని, నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

ఆ ఆడవాళ్ళలో ఒక ముసలామె లేచి మా దగ్గరికి వచ్చింది. అమ్మని పైనుంచి కిందదాకా చూసి, నన్ను పక్కకి పిలిచింది.

"మీ అమ్మా?"

"అవునండి."

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలండి."

"పోయి ఎన్నాళ్ళయింది?" అంది గొంతు తగ్గించి.

ఈమెకి అప్పుడే ఎలా తెలిసిందబ్బా అని ఆశ్చర్యపోయాను. పైట సందులోంచి మెడ మీద కుట్లు చూసి ఉంటుందిలే అనుకున్నాను. "క్రిస్మస్ వెళ్ళాకండి. ఆపరేషను చేశారు."

"ఆపరేషన్లోనే పోవడమా! అయ్యో దేవుడా."

"పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడులెండి."

"అప్పట్నుంచీ ఇంతేనా? మాటా పలుకూ లేకుండా?"

"ఇంతేనండి. ఒక్క మాట లేదు."

ముసలామె కళ్ళు తుడుచుకుంది. ఎంత మంచి మనిషి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ గొంతు కోసం ఏడుస్తోంది అనుకున్నాను. ఆమె వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుని పడవ నీడలో కూర్చోబెట్టింది. కాల్చిన తేగలు తెచ్చి నారలు తీసి చేతిలో పెట్టింది. "తిను తల్లీ. తినకపోతే ఎట్టా? బతికున్నవాళ్ళం బతకాలిగా" అంది. అమ్మ తింది. ఆపరేషను అయ్యాక మా అందరి మీదా విసుక్కున్న మనిషి, ఆ ముసలామె దగ్గర మాత్రం చంటిపిల్లలా కూర్చుంది. మాట్లాడు అని పోరు పెట్టనిది ఆమె ఒక్కతే కాబట్టి నాకూ పరవాలేదనిపించింది.

రోజూ వెళ్ళాం. ఆమె రోజూ వచ్చి అమ్మ పక్కన చేరేది. ఎటొచ్చీ నామీదే ఆమెకి గుర్రు. ఒకరోజు అలలతో ఆడుకుంటూ పెద్దగా నవ్వానని "ఏంటే ఆ నవ్వు? ఇంట్లో అంత జరిగితే నీకు ఇకయికలు పకపకలా?" అని కసురుకుంది. గొంతు పోతే కూతురు నవ్వకూడదా, ఇదెక్కడి చోద్యం? నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ తేగలు ఆమెవి. ఊరుకున్నాను.

శనివారం మధ్యాహ్నం దాటాక మేము దిగేసరికి ముసలామె ఒంటరిగా లేదు. పడవల దగ్గర నుంచి అయిదారుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. "ఇట్టా లోపల కుక్కుకుంటే మనిషి పోద్దమ్మా. నోరారా ఏడవాలి. నువ్వు ఏడవలేకపోతే మేము ఏడుస్తాం, మాతో కలువు" అంది. అమ్మకి ఏమీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆ లోపలే వాళ్ళు ఆవిడ చుట్టూ కూర్చుని, ఒకరి మెడ ఒకరు వాటేసుకుని, రాగం తీయడం మొదలుపెట్టారు.

"నిన్నొదిలి ఎట్టా ఎల్లాడే తల్లీ... గడప దాటి ఎట్టా ఎల్లాడే... ఆడపిల్ల పెళ్ళన్నా చూడకుండా ఎట్టా ఎల్లాడే..."

ఎవరు వెళ్ళారు? ఎవరి ఆడపిల్ల? వాళ్ళు నావైపు చూసి మరీ ఏడుస్తున్నారు. అప్పుడు చూశాను మా అమ్మని, వాళ్ళ కళ్ళతో. మా గుడిలో చాలామంది ఆడవాళ్ళకి లాగే ఆవిడకీ నుదుట బొట్టు లేదు. ఈస్టరుకి ముందు, యేసు శ్రమల్ని తలుచుకునే నలభై రోజులూ ఆవిడ ఏటా కట్టే తెల్లచీర కట్టింది. మెళ్ళో ఉండాల్సిన గొలుసు ఆపరేషను నాడు తీసింది, కుట్లు మానలేదని మళ్ళీ వేసుకోలేదు. ఒడ్డున మనిషి లేని రోజుల్లో వచ్చి, మాట లేకుండా నీళ్ళకేసి చూస్తూ నిలబడుతోంది. ఓరి నాయనో! పోయింది నాన్న అనుకున్నారు. అడిగిన ప్రతి ప్రశ్నకీ అవునండి అవునండి అని నాన్నని స్వయంగా సాగనంపింది నేనే.

అమ్మకీ అదే క్షణంలో తెలిసింది. చేతులు ఊపింది, తల అడ్డంగా ఊపింది. భరించలేక అలా అంటోందనుకుని ఇంకా గట్టిగా వాటేసుకున్నారు. సంచిలోంచి పలక లాగి, "మా ఆయన బతికే ఉన్నారు" అని గబగబా రాసి అందరికీ చూపించింది. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు లేరు. ఒకామె ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి, "పేరు రాసుకుందమ్మా, పాపం" అంది. అంతే, ఏడుపు రెండింతలైంది.

నేను అరిచి చెప్పేదాన్నే. కానీ నవ్వు పొంగుకొచ్చి నోట మాట రాలేదు. సరిగ్గా అప్పుడే, పాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు ఒక చేతిలో, కారేజీ ఒక చేతిలో పట్టుకుని, ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ మా నాన్న వస్తున్నారు.

ముసలామె ఆకాశం వైపు చేతులెత్తి "మళ్ళీ రాని దోవన ఎల్లాడే..." అని అందుకుంది.

"వచ్చాడు! అడుగో! బతికే ఉన్నాడు!"

అది అమ్మ. కానీ అమ్మ గొంతు కాదు. మాడిన మూకుడు గీకినట్టు బొంగురుగా, లోతుగా, మగవాళ్ళ గొంతుకి దగ్గరగా ఉంది. అందరూ నోళ్ళు మూశారు. నాన్న ఉన్నచోటే ఆగిపోయారు. మొగుణ్ణి ఎప్పుడూ 'వచ్చారు' అనే మనిషి 'వచ్చాడు' అందని కూడా మాకెవరికీ తట్టలేదు.

ముసలామె నాన్నని చూసింది, నన్ను చూసింది. "మరి పోయిందేంటే?"

"గొంతండీ" అన్నాను. "నేను చెప్పింది అమ్మ గొంతు గురించి."

ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఏడ్చినంత గట్టిగానూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు. మెడ మీద చెయ్యి వేసుకుని, "ఇది నాది కాదు" అంది. తనకి తాను చెప్పుకున్నట్టు మళ్ళీ అంది, "ఇది నాది కాదే." నా నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ దేనికి భయపడిందో అదే జరిగింది. డాక్టరు మారవచ్చన్నది ఇంత అని మేమెవరమూ ఊహించలేదు.

నాన్న దగ్గరికి వచ్చి ఏదో ధైర్యం చెప్పబోయారు. ముసలామె ఆయన్ని చేత్తో ఆపింది.

"మంచి గొంతా, అయ్యా?"

"చాలా మంచి గొంతమ్మా" అన్నారు నాన్న.

"అయితే ఏడవనీ" అంది. అమ్మ తలని భుజం మీదికి లాక్కుంది. "మొగుడు పోతేనే ఏడవాలా ఏంటి? నీది నీకు పోయింది. ఏడువు తల్లీ."

అమ్మ ఏడ్చింది. నేను పుట్టాక ఆవిడ అలా ఏడవడం చూడలేదు. ఆ కొత్త గొంతుతోనే, పూర్తిగా నోరు తెరిచి, పాత గొంతు కోసం ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వు మానేసి మళ్ళీ రాగం అందుకున్నారు. ఈసారి పొరపాటు లేదు. నేను కూడా వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. నాన్న కారేజీ పట్టుకుని అలాగే నిలబడ్డారు, పాపం, ఎక్కడికి పోవాలో తెలియక.

ఏడుపు అయ్యాక అమ్మ ముఖం కడుక్కుంది. కారేజీ విప్పి అందరికీ తలో ముద్దా పెట్టింది. "కూర నిన్నటిదా?" అని నాన్నని అడిగింది. "అవును, నేనే వండాను" అన్నారాయన. "తెలుస్తోంది" అంది అమ్మ. ఆ మాట బొంగురుగా అన్నా అమ్మే అంది.

సాయంత్రం బస్సు కోసం సరుగుడు తోట పక్కన కూర్చున్నాం. బస్సు ఎంతకీ రాలేదు. అమ్మ కొంచెం దూరంగా కూర్చుని, లోపల్లోపల ఏదో అంటోంది. శ్రమల కాలంలో పాడే కీర్తన. తనకి అలవాటైన శ్రుతిలో ఎత్తుకుంది. రెండో మాటకే గొంతు చిరిగిపోయింది. ఆగింది. కొంచెం దింపి ఎత్తుకుంది, నిలవలేదు. నేను అటు చూడలేక చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాను. ఇంకా దింపింది, బాగా కిందికి, ఆవిడ జన్మలో ఎప్పుడూ పాడనంత కిందికి. అక్కడ నిలబడింది. పల్లవి మొత్తం ఊగకుండా వచ్చింది. అందంగా ఉందని చెప్పను. గట్టిగా ఉంది.

రెండోసారి పల్లవికి ఇంకో గొంతు కలిసింది. తలెత్తి చూస్తే నాన్న. గుడిలో మగవాళ్ళ వైపు పుస్తకం తెరుచుకుని పెదవులు కదపడమే కానీ ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఎత్తుకునే శ్రుతి ఆయనకి పైన అందేది కాదు, ఒక స్థాయి కిందికి దిగి పాడితే ఆయన గొంతు వినపడేది కాదు. ఆయనకి పాట రాదనే మేమంతా అనుకున్నాం. వచ్చు. ప్రతి మాటా వచ్చు, ప్రతి మలుపూ వచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ పక్కన పాడటానికి ఆయనకి చోటు దొరకలేదు, అంతే. అమ్మ పాట ఆపకుండా ఆయన వైపు తిరిగి, వింటూ పాడింది.

బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఇద్దరూ లేవలేదు. చరణం అయ్యేదాకా ఆగమని నేనే వెళ్ళి డ్రైవరుకి చెప్పాను.