మేకు లేని గుడి

సౌదీలోని జుబైల్‌లో నేను వడ్రంగిని. మా జపాన్ ఇంజినీరు సారు ఇంట్లో ఒక గదికి కాగితం అంటించిన జరుపుడు తలుపులు చేసిచ్చాను. వాళ్ళ పాతకాలపు ఇళ్ళన్నీ అట్లాగే ఉండేవట, ఎన్ని చాపలు పడితే గది అంత అని లెక్కట. ఆ తలుపులు ఆయనకు నచ్చడమే నా మెడకు చుట్టుకుంది.

ఒకరోజు ఫోనులో ఫోటో చూపించాడు. గుంజల మీద లేపి కట్టిన చెక్క ఇల్లు, మన వడ్ల గాదె లాగా. కప్పు రెండు కొసల్లో వాసాలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటి పైకి పోయాయి. నడికొప్పు మీద అడ్డంగా ఆరు పొట్టి దుంగలు. గోడకు పెట్టుకునేంత చిన్నది కావాలన్నాడు, ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నాడు. అది వాళ్ళ దేవుడి ఇల్లని అడగకుండానే తెలిసింది. ఈ దేశంలో వేరే దేవుళ్ళ బొమ్మలు బయట పెట్టకూడదు, నా దేవుడి పటమే పెట్టెలో చొక్కాల కింద ఉంటుంది మరి. కానీ నా వేలు తెగిననాడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి, కాదనలేకపోయాను.

వర్క్‌షాపులో మిగులు చెక్కలతో, ఎవరైనా వస్తే గోనెసంచి కింద దాస్తూ చేశాను. నా గదిలోనే ఉండే జగిత్యాల తమ్ముడికి చెబితే చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"అన్నా, గేటు కాడ దొరికినవనుకో, నీ ఒక్కనికే కాదు, గదిలున్న అందరికి ఎగ్జిటే, ఇంటికి పంపుడే. మీ జపానాయన వచ్చి మన ఇండ్లల్ల బియ్యం పోస్తడా?"

తీసుకెళ్ళే రోజు దాన్ని ఊడదీశాను. మేకు లేదు కదా, ఏ ముక్కకా ముక్క వచ్చేసింది. పనిముట్ల సంచిలో వేసుకున్నాను. వర్క్‌షాపు గేటు దగ్గర పాకిస్తానీ గార్డు సంచి మొత్తం బల్ల మీద బోర్లించాడు. కత్తెర వాసాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"క్యా హై భాయ్, యే సబ్?"

ఏంటివన్నీ అని అడిగితే, సారు తలుపు ముక్కలన్నాను. పొమ్మన్నాడు.

సారు ఇంట్లో గుడి నిలబెట్టాను. దుంగలు అయిదే ఉన్నాయి. సారు లెక్కపెట్టి, ఆరోది ఉండాల్సిన చోటు వేలితో తడిమి చూశాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆరోది కనిపించింది. గాలికి ఎగరకుండా గార్డు తన కాగితాల మీద పెట్టుకున్నాడు. నాదని అడిగితే ఇదేమిటని ఆరా తీస్తాడని, చూడనట్టే దాటాను. ఆ సాయంత్రం కొత్తగా చెక్కిన దుంగ జేబులో పెట్టుకుని అదే బల్ల ముందు నిలబడ్డాను.

"దర్వాజా బన్ గయా?" అన్నాడు, వేలితో ఆ దుంగ మీద తడుతూ.

తలుపు అయిందన్నాను.

ఆ ఆరో దుంగ ఇంకా అక్కడే ఉంది. రోజూ రెండు పూటలా దాని ముందే నిలబడి కార్డు చూపిస్తున్నాను.