అమ్మ తోమిన పది ఫ్యాన్లు

ముదిగుబ్బ పక్కన మాకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. దానికి ఆధారం ఒకే ఒక్క బోరు. ఆ ఎండాకాలం కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు పంపు నీళ్ళెత్తడం మానేసింది. చెట్లు ఆకు ముడిచేశాయి. ఇంకో నాలుగు రోజులు తడి లేకపోతే కాయే కాదు, చెట్లు కూడా దక్కవు. మెకానిక్కును పిలుద్దామంటే నాయనకు నామోషీ. తన బోరు పంపు ఇంకొకడు విప్పడమా!

పైపులు పైకి లాగి, వేపచెట్టు కింద పట్ట పరిచి, ఆయనే పంపు విప్పాడు. లోపల ఒక కడ్డీకి పది ఫ్యాన్లు, ఒక్కో ఫ్యానుకు ఒక్కో ఇనుప గిన్నె. చూడ్డానికి పదీ ఒకటే. కానీ ఏళ్ళ తరబడి ఏ ఫ్యాను ఏ గిన్నెలో తిరిగిందో ఆ గిన్నెకే ఒదిగి అరిగి ఉంటుంది. మార్చి కూర్చోబెడితే పట్టేస్తుంది. అందుకే అడుగు నుంచి ఒకటి, రెండు అంటూ ఫ్యాను మీదా దాని గిన్నె మీదా సుద్దముక్కతో ఒకే అంకె వేశాడు. తర్వాత నాయనా, ఆయన కూతుర్ని నేనూ కొత్త బుష్షుల కోసం ఊళ్ళోకి పోయాం.

తిరిగొచ్చేసరికి ఫ్యాన్లు తళతళలాడుతున్నాయి. బోరులోకి దిగేదేదైనా గంగమ్మ ఒళ్ళోకి పోయేదేనని అమ్మ నమ్మకం. కడిగి బొట్టు పెట్టనిదే దించనివ్వదు. ఆ రోజు శుక్రవారం కూడాను. ఇత్తడి రంగులో ఉన్నాయి కదా అని పూజ సామాన్లతో పాటు వాటినీ చింతపండు వేసి తోమింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేటలో పేర్చింది. గిన్నెలు నల్లటి ఇనుము కాబట్టి పసుపునీళ్ళు చల్లి ఊరుకుంది. గిన్నెల మీద అంకెలున్నాయి, ఫ్యాన్ల మీద బొట్లున్నాయి.

నేను నోరు చేసుకున్నాను. నా కోపం సంగతి ఊరంతా ఎరిగిందే. తోట ఎండిపోతే నీ పసుపే కారణమని కూడా అనేశాను. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నాయన చేట ముందుకు లాక్కున్నాడు. అంచనా మీద ఒకసారి బిగించి చూశాడు. కడ్డీ సగం చుట్టు తిరిగి పట్టేసింది. ఫ్యాన్లు మార్చి బిగించాడు. అదీ అంతే.

అప్పుడు అమ్మ మెల్లగా అడిగింది. "అడుగున ఉండేదానికి ఇసుక ఎక్కువ తగుల్తాది కదా?"

నాయన తలెత్తాడు. "అవును మే, ఏమిటికి?"

"తోమేటప్పుడు చూసినా. ఒగొగదాని అంచు ఒగొగ మందం ఉండాది."

చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏటా విత్తనానికి చెనిక్కాయలు ఏరే చెయ్యి అది. బొటనవేలితో అంచులు తడుముతూ, బాగా అరిగినదాన్ని ఒక కొసన, మందంగా ఉన్నదాన్ని ఇంకో కొసన పెట్టి, తక్కినవి నడుమ సర్దింది. ఒక జత దగ్గర తడబడి, కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమి, వాటిని అటూ ఇటూ మార్చింది. నాయన ఆమె పెట్టిన వరసలోనే ఒకటో గిన్నె నుంచి ఎక్కించాడు. బోల్టులు బిగించి చెయ్యేస్తే కడ్డీ గిర్రున తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రానికి పంపు దించి స్విచ్చి వేస్తే ముందు ఎర్రటి నీళ్ళు, తర్వాత తేట నీళ్ళు వచ్చాయి. తప్పయిందని అమ్మతో చెప్పాను. పాదులకు నీళ్ళు మళ్ళించే పనిలో పడి ఆమె సరిగ్గా వినను కూడా లేదు. ఆ క్షణాన ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

పోయిన నెల మళ్ళీ పంపు విప్పాల్సి వచ్చింది. ఈసారి చింతపండుకు లొంగని పెయింటు డబ్బా, కుంచె కొనుక్కుని పోయాను. నాయన అప్పటికే ఫ్యాన్లన్నీ ఊడదీసి చేటలో కుప్పగా పోసి ఉన్నాడు. నా చేతిలో డబ్బా చూసి తల అడ్డంగా ఊపాడు.

"గుర్తులెందుకు పాపా," అన్నాడు. "మీయమ్మను పిల్చుకోని రా."