యాదన్న కట్టిన సోనా రూము

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా తల మీద మిగిలిన వెంట్రుకల మీద ఒట్టేసి చెబుతున్నాను. అవి ఎన్ని మిగిలాయో చూసినవాళ్లకు ఆ ఒట్టు ఎంత విలువైనదో తెలుస్తుంది. నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి వస్తుంటే, కొత్తగా తెరవబోతున్న ఒక దుకాణం ముందు వడ్రంగి చెక్కను చిత్రిక పడుతున్నాడు. ఆ పొట్టు వాసన ముక్కుకు తగలగానే నడిరోడ్డు మీద నా కాళ్లు ఆగిపోయాయి. వెనక ఆటో అతను హారన్ మోగిస్తున్నా కదలలేదు. ఆ వాసనలో యాదన్న ఉన్నాడు.

యాదన్న అంటే యాదయ్య మేస్త్రీ. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, గడ్డిఅన్నారంలో ఒకే గదిలో కిరాయికుంటూ బతుకంతా చెక్కపని చేసిన మనిషి. పోయి మూడేళ్లయింది. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నా పేరు సత్యం. పెట్టినవాళ్లకు నా సంగతి ముందుగా తెలియదు, పాపం, వాళ్లనేమీ అనకండి.

నలభై దాటాక ఒకరి కింద పని మానేసి, ఇళ్లలో చెక్కపని సొంతంగా ఒప్పుకోవడం మొదలుపెట్టాను. మొదటి పని ఎల్బీనగర్‌లో అన్నపూర్ణగారిది. ఆమెది తెనాలి. కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి మానేశారు. పెరట్లో జామచెట్టు పక్కన సౌనా కట్టించాలని ఆమె కోరిక. అంటే చిన్న చెక్క గది, లోపల హీటరు, దాని మీద రాళ్లు. ఆ పొడి వేడిలో చెమటలు కారేదాకా కూర్చోవడమే పని. మన మే నెలలో మేడ మీద నిలబడితే చాలదా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

"టూరుకెళ్లినప్పుడు ఒక్కసారి కూర్చున్నానండీ," అన్నారామె. "లోపల ఎవరూ మాట్లాడరు. ముప్పై ఏళ్లు అరిచానా, పావుగంట సేపు ఎవరూ డౌటు అడక్కపోయేసరికి ఏడుపొచ్చేసింది. ఇంతకీ, మీరు ఇంతకుముందు కట్టారా?"

"పది కట్టానమ్మా! అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, సినిమావాళ్ల తోటల్లో." అప్పటిదాకా నేను సౌనా గుమ్మం కూడా చూడలేదు. ఆమె ఫొటోలు చూపించబోతే, మాకు బొమ్మలెందుకమ్మా అని చెయ్యి ఊపాను. ఈ పని చెడితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ నన్ను గేటు లోపలికి రానివ్వరని నాకు తెలుసు. యాదన్న దగ్గరికి పరిగెత్తాను.

"నువ్వెప్పుడన్న జూసినవా తమ్మీ?"

"లేదన్నా."

"మంచిగైంది. నేను గూడ సూడలె. ఇద్దరం కల్సి నేర్సుకుందం."

కాకులు ఎగరడం మానేసి గోడ నీడన నడిచిపోతున్న రోజులవి. యాదన్న ఆరు రకాల చెక్క ముక్కలు తెచ్చి అన్నపూర్ణగారి మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచాడు. గంట ఆగి, మోకాళ్ల మీద వంగి, ఒక్కొక్క ముక్కకూ చెంప ఆనించడం మొదలుపెట్టాడు. "గిది కాలవెడ్తది. గిది బంక కారుస్తది, సూడు, గీ ఎండకే కండ్లనీళ్లు వెట్టుకుంటున్నది." అయిదో ముక్కకు చెంప ఆనించి కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. "గిదే," అన్నాడు. చూడ్డానికి పాలిపోయిన, తేలికపాటి చెక్క. నేను కూడా చెంప ఆనించి చూశాను. అంత ఎండ తాగి కూడా అది నన్ను కాల్చలేదు. ఆ క్షణంలో యాదన్న నా కళ్లకు ఏడడుగుల ఎత్తు కనిపించాడు.

ఇనుము కాలుతుంది కాబట్టి ఒక్క మేకు తల కూడా పైకి కనిపించకూడదన్నాడు. స్క్రూలన్నీ కింది నుంచే బిగించాడు. తలుపు కింద బెత్తెడు సందు వదిలాడు. "కొలత తప్పిందన్నా," అంటే, "లోపలున్నోళ్లకు ఊపిరాడొద్దా?" అని నావైపు జాలిగా చూశాడు.

నాలుగో రోజు చూస్తే లోపల రైల్లో బెర్తుల్లాగా కిందొకటి, మీదొకటి మనిషి పడుకునేంత పొడవు బల్లలు. 

"ఇదేందన్నా, ఆమె కూర్చుంటానంటే!"

"సోనా రూమన్నవు గద! సోనా అంటే పండుకునుడే గద!"

సౌనా ఆయన చెవికి ఉర్దూలో వినబడింది. అంతలో అన్నపూర్ణగారు రానే వచ్చారు. లోపలికి తొంగిచూసి, పై బల్ల మీద చెయ్యి ఆనించారు. "టూరులో నేను కూర్చున్నచోట కూడా అచ్చం ఇలాగే రెండు వరసలండీ," అన్నారు మెల్లగా. "మీకెలా తెలుసు?"

"ఏడిగాలి మీదికి పోతది గదమ్మా. ఎక్కువ గావాల్నంటె మీద పండుకో, తక్కువ గావాల్నంటె కింద."

మాట పొరపాటు, పని కాదు. ఆయన చేతులకు తప్పు చేయడం రాదని ఆ రోజు నమ్మాను.

నా చేతులకు బాగా వచ్చు. యాదన్న రెండు రోజులు ఊరెళ్లాడు. ఫోనులో ఒక ఫొటో దొరికింది, అందులో బల్లలు తళతళ మెరుస్తున్నాయి. మన చెక్క వెలవెలబోతోందని నేనే బల్లలన్నిటికీ పాలిష్ కొట్టేశాను. తిరిగొచ్చిన యాదన్న గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. తిట్టలేదు. హీటరు వేయించి, నన్ను లోపల కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. పది నిమిషాల్లో గది పాలిష్ కంపుతో నిండిపోయింది. కళ్లు మండి, గొంతు పట్టేసి, బయటపడి జామచెట్టు కింద కూలబడ్డాను.

"నోటితోని ఎన్నన్న జెప్పు తమ్మీ, నవ్వుకుంటరు," అన్నాడు ఆయన దగ్గుతూనే. "కట్టెతోని అబద్ధం జెప్పకు. ఆమె నమ్మి, కండ్లు మూసుకోని గూసుంటది ఆడ."

దగ్గు విని అన్నపూర్ణగారు బయటికొచ్చారు. నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "పాలిష్ కొట్టింది నేనేనమ్మా. మేస్త్రీ తప్పు లేదు. నేను సౌనా ఎన్నడూ కట్టలేదు," అన్నాను. ఆమె నన్ను క్షమించారు. మూడు రోజులు ఇద్దరం బల్లలు ఊడదీసి, మెరుపంతా పోయేదాకా చిత్రిక పట్టాం. నాలుగో రోజు ఆమె లోపలికెళ్లి తలుపేసుకున్నారు. పావుగంట తర్వాత ఎర్రటి ముఖంతో వచ్చి యాదన్నకు రెండు చేతులూ జోడించారు. ఇప్పటికీ ఏ ఇంట్లో పని ముగించినా, అప్పగించే ముందు తలుపు వేసుకుని పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటాను.

ఇక ఒట్టు సంగతి. కాకులు నడవడం నిజమే, కావాలంటే వచ్చే మేలో చూడండి. నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు నేను లేచి నిలబడలేదు. ఎప్పుడూ మూతపడని ఈ నోరు ఆ ఒక్క పూట తెరుచుకోలేదు. "పాలిష్ నేనే గొట్టిన అమ్మా, పొరపాటైంది," అన్నది యాదన్న. "ఇంత తెలిసినవారు, ఇలా ఎలా చేశారండీ?" అని ఆమె అంటుంటే, చెక్కకు చెంప ఆనించి దాని గుణం చెప్పిన ఆ మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఎందుకట్ల చెప్పినవని అడిగాను. "నీకిది మొదటి పని. నాకు ఎన్నోదో నాకే యాదిలేదు," అని కిటికీలోంచి బయటికి చూశాడు.

అన్నపూర్ణగారూ, పాలిష్ కొట్టింది నేను.